పదకొండు పూతల మురికి

చిటికెయ్య అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. మూడంతస్తుల సామాన్ల షాపులో, లోపలికి అడుగుపెట్టగానే కుడివైపున్న కౌంటర్ దగ్గర ఇరవై మూడేళ్ళుగా ఆయన చేసే పని ఒక్కటే. ఇంటిపని సులువు చేసే వస్తువులు జనానికి చేసి చూపించడం. నీళ్ళు తానే పిండుకునే మాపు, సింకు మూసుకుపోతే లాగే రబ్బరు పంపు, కిటికీ అద్దానికి లోపలొకటి బయటొకటి అతుక్కుని నడిచే అయస్కాంతాల బ్రష్షు, అన్నిటికీ మించి "తళతళ" అనే పచ్చరంగు సీసా. ఏది చూపించినా చివర్లో కుడిచేతి వేళ్ళతో టప్పుమని చిటికె వేసి "చిటికెలో పనమ్మా!" అనేవాడు. ఆ చప్పుడు మూడో అంతస్తులో దుప్పట్లు అమ్మే ఆవిడకి కూడా వినిపించేది.

ఇలాంటి పనికి మంచి సరుకుంటే చాలని జనం అనుకుంటారు. అబ్బే! సరుకు కంపెనీవాళ్ళే పంపిస్తారు. కావలసింది మంచి మురికి. చూడగానే "అమ్మో!" అనిపించాలి, ఒక్క తుడుపుకి ఊడిరావాలి. ఈ రెండు గుణాలూ ఉన్న మురికి ఏ ఇంట్లోనూ దొరకదు కాబట్టి చిటికెయ్య తనది తానే తయారుచేసుకునేవాడు. ముందు స్టీలు మూకుడుకి పల్చగా సబ్బు రాసేవాడు. అది ఆరాక బొగ్గుపొడి కలిపిన వంటనూనె పూసి బాల్కనీలో రెండు రోజులు ఎండబెట్టేవాడు. మళ్ళీ నూనె, మళ్ళీ ఎండ. అలా సరిగ్గా పదకొండు పూతలు. పదితో ఆపితే రంగు తేలదు, పన్నెండోది వేస్తే పెచ్చులూడుతుంది. అడుగున సబ్బుంది కనక తళతళ రెండు చుక్కలు వేసి గుడ్డతో ఒక్క లాగు లాగితే, పదేళ్ళ జిడ్డులా కనిపించేది కాస్తా జారిపోయి కింద స్టీలు మెరిసేది. నిజానికి తళతళ బదులు మంచినీళ్ళు వేసినా పోతుంది. ఆ గుట్టు ఆయనకీ ఆయన భార్యకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

"ఇది మోసం కాదుటండీ?" అని ఆవిడ పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగింది.

"ఫోటోకి ముందు తల దువ్వుకోవా? అదీ మోసమేనా?" అన్నాడు చిటికెయ్య.

ఆవిడ మళ్ళీ అడగలేదు. కానీ తళతళ సీసా ఒక్కదాన్ని కూడా తన వంటగది గడప దాటనివ్వలేదు.

అంతా సాఫీగా సాగిపోతుండగా షాపుకి కొత్త మేనేజరమ్మ వచ్చింది. మంచి పిల్లే, చురుకైనదే, కాకపోతే ఖాళీ గోడ కనిపిస్తే టీవీ తగిలించాలనిపించే రకం.

"కంపెనీవాళ్ళే వీడియో చేసి పంపారండీ," అంది చిటికెయ్యతో. "మీ కౌంటర్ తీసేసి అక్కడ టీవీ పెడితే రోజంతా దానంతటదే తిరుగుతుంది. దానికి దాహం వెయ్యదు, సెలవు అడగదు."

"దానికి నోరు లేదు కదమ్మా?"

"స్పీకర్లు ఉన్నాయండీ."

చిటికెయ్య చేతిలో ఉన్న తళతళ సీసా మూత విప్పి, బిగించి, మళ్ళీ విప్పాడు. ఆ మొహం చూసి మేనేజరమ్మకి కాస్త జాలేసినట్టుంది. వచ్చే నెల రెండో శనివారం పదకొండింటికి ఓనరుగారు వస్తున్నారనీ, ఆయన ముందు చేసి చూపించమనీ చెప్పింది. ఆయన సరేనంటే కౌంటర్ ఉంటుంది. లేదంటే కింద గోడౌన్‌లో డబ్బాలకి స్టిక్కర్లు అంటించే పని. జీతంలో ఏ మార్పూ ఉండదట.

జీతం గొడవ కాదండీ చిటికెయ్యది. గోడౌన్‌లో ఉన్న ఒకే ఒక్క మనిషి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పొద్దున్న కిందికి దిగితే సాయంత్రం పైకి వస్తాడు. అతని గొంతెలా ఉంటుందో షాపులో ఎవరికీ తెలియదు. ఆ మనిషి పక్కన కూర్చుని, రిటైరయ్యేదాకా నోరు మూసుకుని స్టిక్కర్లు అంటించాలి. "అక్కడ నేను ఎవరితో మాట్లాడనే?" అన్నాడు ఇంటికొచ్చి భార్యతో. ఆవిడ నవ్వబోయి, ఆయన కళ్ళు చూసి లోపలికెళ్ళి కాఫీ తెచ్చింది.

గడువు ఇరవై అయిదు రోజులు. పదకొండు పూతలకి ఇరవై రెండు రోజులు చాలు. ఆ సాయంత్రమే సబ్బు రాయడం మొదలుపెట్టాడు. మూకుడుతోపాటు సున్నపు నీళ్ళూ సబ్బునురగా పట్టించి ఒక స్నానాలగది టైలునీ, తెల్లటి చారలు కట్టిన ఒక కుళాయినీ కూడా సిద్ధం చేశాడు. పొద్దున్నే లేచి బాల్కనీలోకి వెళ్ళి వాటిని పలకరించి వచ్చేవాడు. పదకొండో పూత ఆరిన రోజు మూకుడు చూస్తే, చెప్పొద్దూ, వాంతి వచ్చేలా ఉంది. చిటికెయ్యకి ఆనందంతో ఒళ్ళు పులకరించింది.

సరిగ్గా ఆ వారంలోనే అత్తగారు దిగింది. వాళ్ళింటికి రంగులు వేయిస్తున్నారు, ఆ వాసన పడక నాలుగు రోజులు కూతురి దగ్గర ఉందామని వచ్చింది. ఆవిడది ఖాళీగా కూర్చుంటే కాళ్ళు లాగే శరీరం. వచ్చిన గంటలో పాత మేజోడు చేతికి తొడుక్కుని కిటికీ ఊచలన్నీ తుడిచేసింది. పాత న్యూస్‌పేపరు తడిపి అద్దాలు రుద్దింది. అరిగిపోయిన పళ్ళ బ్రష్షు ఒకటి ఎప్పుడూ ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది. మూలల్లో పేరుకున్న దుమ్ము చూస్తే తుపాకీ తీసినట్టు తీస్తుంది. చిటికెయ్య అమ్మే వస్తువుల్లో ఒక్కటీ ఆవిడ జన్మలో కొనలేదు.

శుక్రవారం సాయంత్రం చిటికెయ్య ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చి గొంతు తగ్గించి మాట్లాడింది.

"బాబూ, అమ్మాయి బయటికి వెళ్ళింది. అది వచ్చేలోగా మీతో ఒక మాట. దాన్ని ఏమీ అనకండి."

"ఏమైందత్తయ్యా?"

"గిన్నెలు అలా పెట్టుకుందని నాకే తల కొట్టేసినట్టయింది. బాల్కనీలో దాచింది, మీరు చూస్తారని కాబోలు. దాని పెంపకం నాది, తప్పూ నాదే. అన్నీ కడిగేశాను. ఇంక ఆ ఊసెత్తకండి."

చిటికెయ్య ఒక్క గెంతులో బాల్కనీలోకి వెళ్ళాడు. మూకుడు, టైలు, కుళాయి వరసగా బోర్లించి ఉన్నాయి. మూడింట్లోనూ ఆయన మొహం కనిపించింది, మూడుసార్లూ బిక్కమొహమే.

"మూకుడు సంగతి చెప్తే నమ్మరు," అంది వెనకాలే వచ్చిన అత్తగారు. "చూడ్డానికి అంత మొండిగా ఉందా, చెంబుడు నీళ్ళు పోసేసరికి ఊడొచ్చేసింది. ఆ టైలు మాత్రం నా ప్రాణం తీసింది. ఉప్పూ, నిమ్మచెక్కా పెట్టి మూడు గంటలు రుద్దాను."

చిటికెయ్య నోరు తెరిచాడు. ఏమంటాడు? ముసలావిడ వేళ్ళ కొసలు నాని ముడతలు పడి ఉన్నాయి. మెప్పు కోసం చిన్నపిల్లలా చూస్తోంది. అల్లుడు అత్తగారిని మీరెందుకు కడిగారని తిట్టడం ఎక్కడైనా ఉందా? "చాలా శ్రమపడ్డారత్తయ్యా," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి పట్టిన శ్రమతో పోలిస్తే మూడు గంటల టైలు ఒక లెక్కలోది కాదు.

రేపు పదకొండింటికి ఓనరు. చేతిలో మురికి చుక్క లేదు. ఇరవై రెండు రోజుల ఎండ ఒక్క సాయంత్రంలో ఎక్కడ దొరుకుతుంది? చిటికెయ్య చెప్పులు వేసుకుని అదే బిల్డింగులో తలుపులు తట్టడం మొదలుపెట్టాడు.

"వదినగారూ, మీ ఇంట్లో బాగా జిడ్డు పట్టిన గిన్నె ఏదైనా ఉంటే రేపటిదాకా ఇస్తారా?"

"జిడ్డా? మా ఇంట్లోనా?" అంది ఎదురింటావిడ. తలుపు మొహం మీదే పడింది.

రెండో ఇంటావిడ "మా ఇంట్లో జిడ్డుందని మీకెవరు చెప్పారు? ఆ ఎదురింటావిడేనా?" అని నిలదీసింది. మూడో ఇంట్లో ఆయన "మీ ఇంట్లో అయిపోయి మా ఇంటికొచ్చారా?" అన్నాడు, అదీ నవ్వకుండా. కబురు చిటికెయ్యకంటే ముందే మెట్లెక్కినట్టుంది, నాలుగో తలుపు దగ్గరికి వెళ్ళేసరికి లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు. తట్టకుండానే వెనక్కి తిరిగాడు.

చివరికి పై అంతస్తులో కలిసి ఉంటున్న ముగ్గురు బ్రహ్మచారులు ఆదుకున్నారు. వాళ్ళకి సిగ్గూ లేదు, దాపరికమూ లేదు.

"పెనం కావాలా అంకుల్, గిన్నె కావాలా?" అన్నాడు ఒకడు. "కుక్కరు కూడా ఉంది కానీ దాని మూత రావట్లేదు. లోపల ఏముందో మాకూ తెలీదు."

పెనం చూసి చిటికెయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. గుడ్లు మాడి, పాలు పొంగి, నూనె కారి, ఆ మీద మళ్ళీ గుడ్లు మాడి, ఏళ్ళ తరబడి ఎవరూ పలకరించని నిఖార్సైన మురికి. పట్టుకొచ్చి సింకులో పెట్టి తళతళ రెండు చుక్కలు వేసి లాగాడు. గుడ్డ అంటుకుపోయింది. సీసా సగం వంచాడు. పెనం ఉలకలేదు, పలకలేదు.

"రేపు ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యండి," అంది అప్పుడే వచ్చి సంగతి విన్న భార్య, ముందుగదిలో ఉన్న తల్లికి వినపడకుండా.

"చెప్పేస్తే నేను గోడౌన్‌లో తేలతాను."

"చెప్పకపోతే?"

"ఏదో మాటల్లో పెట్టి నెట్టుకొస్తాను. నోరుంది కదా."

శనివారం పొద్దున్న ఆ పెనాన్ని సంచీలో వేసుకుని, ఏమీ తినకుండా వెళ్ళిపోయాడు. అల్లుడు పస్తు పోయాడేమిటని అత్తగారు కూతుర్ని నిలదీసింది. కూతురు ఇక దాచలేక మొత్తం చెప్పేసింది. పూతలు, సబ్బు, ఎండ, టీవీ, గోడౌన్, అన్నీ. ముసలావిడ బావురుమంది. ఆ తర్వాత మొహం కడుక్కుని, హ్యాండ్‌బ్యాగు చంకన పెట్టుకుని "పద షాపుకి" అంది.

పదకొండింటికి కౌంటర్ చుట్టూ నలభై మందిదాకా చేరారు. ఓనరు, ఎనభై దాటిన పెద్దాయన, చేతికర్ర పట్టుకుని అమ్మకానికి పెట్టిన కుర్చీలోనే కూర్చున్నాడు. పక్కన మేనేజరమ్మ వాచీ చూసుకుంటోంది.

"అమ్మలారా, అక్కలారా!" అని అందుకున్నాడు చిటికెయ్య. "ఈ పెనం చూశారా? చూడకండి, కళ్ళు తిరుగుతాయి! దీనికి ఎన్ని చుక్కలు? రెండు! మూడోది వేస్తే వృథా! ఇదిగో గుడ్డ, ఇదిగో చెయ్యి, ఇలా ఒక్క లాగు..." లాగి, టప్పుమని చిటికె వేశాడు.

పెనం ఎలా ఉందో అలాగే ఉంది.

"కొంచెం పెంకి పెనం," అని మళ్ళీ లాగాడు. మళ్ళీ చిటికె. ఈసారి గుడ్డ చిరిగింది.

"చిటికె పెనానికి వినపడలేదేమో, ఇంకాస్త గట్టిగా వెయ్యండి!" అన్నారెవరో వెనకనుంచి. జనం గొల్లుమన్నారు. చిటికెయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. వాతావరణం గురించి, పెనాల జాతుల గురించి, తళతళ కనిపెట్టినవాడి పట్టుదల గురించి. నోరు నడుస్తోంది కానీ చెమటలు కారిపోతున్నాయి. అప్పుడు జనాన్ని రెండు మోచేతులతో తోసుకుంటూ అత్తగారు ముందుకొచ్చింది. వెనక కూతురు వద్దమ్మా వద్దమ్మా అని చెయ్యి లాగుతూనే ఉంది.

"ఆయన్ని చూసి నవ్వకండి! తప్పు నాది!" అంది అత్తగారు నేరుగా ఓనరుతో. "మా అల్లుడు బంగారం. ఇరవై రెండు రోజులు ఎండలో పెట్టి, పదకొండు పూతలు పూసి, ఎంతో శ్రద్ధగా మురికి తయారుచేసుకున్నాడు. ఒక్క తుడుపుకి ఊడొచ్చేలా అడుగున సబ్బు కూడా రాశాడు. నేనే తెలీక కడిగి పారేశాను. అదే ఉంటేనా, మీకు చిటికెలో చేసి చూపించేవాడు!"

కుర్చీలో ఓనరు మెల్లిగా ముందుకు వంగి, "అడుగున సబ్బా?" అన్నాడు. మేనేజరమ్మ కళ్ళు మూసుకుంది. చిటికెయ్య భార్య తల దించుకుంది. ఇంత పనిచేసిన అత్తగారు మాత్రం అల్లుణ్ణి ఒడ్డున పడేశానన్న తృప్తితో ఊపిరి పీల్చుకుంది.

ముందు వరసలో సంచీ పట్టుకుని నిలబడ్డ ఒకావిడ నోరు విప్పింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"మా ఇంట్లో ఈ సీసాలు ఏడున్నాయి. ఇక్కడ మీరు చేస్తే ఒక్క తుడుపు, ఇంట్లో నేను చేస్తే గంట. సరిగ్గా చూసుకోలేదేమోనని మళ్ళీ మళ్ళీ వచ్చి నించున్నాను. మీ చెయ్యి ఎటు తిరుగుతుందో కూడా చూశాను. మా ఇంట్లో అందరూ నీకు చేతకాదన్నారు. నాకూ చేతకాదనే అనుకున్నాను ఇన్నాళ్ళూ."

"నేనూ అంతే," అంది ఆవిడ వెనకున్నావిడ. ఇంకో ఇద్దరు తలూపారు.

చిటికెయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. గోడౌన్ గుర్తురాలేదు, ఓనరు గుర్తురాలేదు. సీసా కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి ఏం చేస్తారన్నది ఇరవై మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు తను. కొని వెళ్ళేటప్పుడు వాళ్ళు నవ్వుతూ వెళ్ళేవాళ్ళు, అంతే చూశాడు. ఆవిడ కళ్ళలోకి చూడాలంటే భయమేసింది.

"మీకు చేతకాకపోవడం కాదమ్మా," అన్నాడు చివరికి. "ఇది గంట పని. ఎవరు చేసినా గంటే. నేనెప్పుడూ నిజంగా చెయ్యలేదు గనక నాకింకా ఎక్కువే పట్టొచ్చు. కాళ్ళు నొప్పెట్టకపోతే ఉండండి, చేసి చూపిస్తాను."

చొక్కా చేతులు మడిచాడు. పై అంతస్తులోంచి కెటిల్‌తో వేడినీళ్ళు తెప్పించాడు. "అలా రుద్దితే రాదు బాబూ, ముందు నాననివ్వండి," అంది అత్తగారు, ఉండబట్టలేక. వంటసోడా చల్లి పావుగంట నానబెట్టారు. ఆ పావుగంటా ఏం చెయ్యాలో తెలియక జనం ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. ఎవరింట్లో ఏది ఎంతకీ వదలదో, ఎవరి నడుము ఎప్పుడు పట్టేసిందో. అత్తగారు బ్యాగులోంచి పళ్ళ బ్రష్షు తీసి ఇచ్చింది. చిటికెయ్య తోమాడు. భుజం పట్టేస్తే ఎడమచేత్తో తోమాడు. మధ్యలో ఒక్క అంగుళం మేర లోహం బయటపడితే జనం చప్పట్లు కొట్టారు. "రోజూ ఇంతసేపా?" అన్నాడు ఓనరు నమ్మలేనట్టు. "రోజూ!" అన్నారు పదిమంది ఆడవాళ్ళు ఒకేసారి.

గంటా పది నిమిషాలకి పెనం తేలింది. మెరవలేదు, ఏదో పెనంలా ఉంది. అంతే. ఏడు సీసాల ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పెట్టేసి వెళ్ళిపోయింది. తళతళ ఒక్కటి కూడా అమ్ముడుపోలేదు. ఓనరు కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళి కారెక్కాడు. మేనేజరమ్మ "రేపు మాట్లాడదాం" అంది, మొహం చూడకుండా.

ఆదివారం చిటికెయ్య వచ్చేసరికి కౌంటర్ పక్కన నిచ్చెన వేసి ఉంది. ఎలక్ట్రీషియన్ గోడకి మేకులు కొడుతున్నాడు. కింద అట్టపెట్టెలో టీవీ ఉంది. చిటికెయ్య ఖాళీ డబ్బా ఒకటి తెచ్చుకుని తన గుడ్డలూ బ్రష్షులూ సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఏడుపొచ్చింది. ఎలక్ట్రీషియన్ చూడకుండా మొహం తిప్పుకున్నాడు.

"ఇక్కడ పెనం తోమడం చూపిస్తారటగా?" అని వినిపించింది.

గుబురు మీసాల మనిషి, చేతిలో సంచీ, సంచీలో మాడిన గిన్నె. "మా ఆవిడ పంపింది. నీకు చేతకాదని రోజూ అంటుండేవాణ్ణి లెండి. నిన్న ఇంటికొచ్చి గిన్నె నా చేతికిచ్చింది. సాయంత్రం నుంచీ తోముతున్నాను. రావట్లేదు."

చిటికెయ్య ఆయన వంక చూశాడు, గిన్నె వంక చూశాడు. డబ్బాలోంచి బ్రష్షు బయటికి తీశాడు.

ఆయన గిన్నె నానుతుండగానే ఇంకో ఇద్దరు వచ్చారు. పదకొండింటికి తొమ్మిది మంది అయ్యారు. అందరూ మగవాళ్ళే, అందరి చేతుల్లో సంచీలే, అందరి మొహాలూ బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లల్లాగే ఉన్నాయి. చిటికెయ్య వాళ్ళని వరసగా నిలబెట్టి చొక్కా చేతులు మడిపించాడు. "అలా పైపైన కాదయ్యా, బరువెయ్యి! మీరేంటి, అప్పుడే ఊపిరి ఆడట్లేదా? ఇది ఒక్క గిన్నెండీ, మీ ఇంట్లో రోజుకెన్ని?" ఎలక్ట్రీషియన్ సుత్తి జేబులో పెట్టుకుని, నిచ్చెన దిగి వచ్చి పదో మనిషిగా నిలబడ్డాడు. షాపులో బ్రష్షులన్నీ మధ్యాహ్నానికే అయిపోయాయి.

మేనేజరమ్మ మెట్ల దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. మీసాలాయన నడుము పట్టుకుని "అబ్బా, దీన్ని రోజూ ఎలా చేస్తోందండీ?" అన్నప్పుడు కూడా అక్కడే ఉంది. జనం పల్చబడ్డాక కౌంటర్ దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, మెల్లిగా అడిగింది.

"మా ఆయనకి బుధవారం సెలవండీ. ఎన్నింటికి పంపమంటారు?"